పాత కాటా దగ్గర మొదటి రింగు

మల్కాపురం దాటి పోర్టు వైపు వెళ్ళే రోడ్డు పక్కన పాత కాటా ఒకటి ఉంది. లారీని సరుకుతో సహా పైకెక్కించి తూచే ఇనుప కాటా. దాని యజమాని ఎప్పుడో మూసేసి వెళ్ళిపోయాడు. పలక తుప్పు పట్టింది, పక్కనున్న గదికి తలుపు ఊడింది, కిటికీ ఊడింది... చెడ్డపేరు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది.

పగలు ఆ చోటు గురించి అడిగితే ఏ డ్రైవరైనా నవ్వేస్తాడు. అదే మనిషిని చీకటి పడ్డాక అడిగి చూడండి — బీడీ పారేసి కేబిన్ అద్దం ఎత్తేసుకుంటాడు.

కాటా నడిచిన రోజుల్లో ఆ గదిలో ఒక గుమాస్తా ఉండేవాడట. వరసలో ఉన్న డ్రైవర్లను పేరు పెట్టి కేకేసి పిలవడం అతని పని. ఒక రాత్రి పలక కింద గోతిలో బురద పేరుకుంటే తీయడానికి తనే దిగాడు. పైన ఎవరో చూసుకోకుండా బండి ఎక్కించేశారు... ఆ తర్వాత కాటా మూతపడింది. కేక మూతపడలేదని చెప్పుకుంటారు.

అక్కడ బండి ఆపుకుని పడుకుంటే రాత్రి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట. మీ పేరే... బాగా తెలిసినవాళ్ళ గొంతుతోనే. ఒకసారి పిలుస్తుంది. ఆగుతుంది. రెండోసారి పిలుస్తుంది. అంతే, మూడోసారి పిలిచే శక్తి దానికి లేదు. కాబట్టి ఆ చోట ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా నోరు మెదపకూడదని డ్రైవర్ల కట్టుబాటు.

ఫరాజ్‌కి ఇవన్నీ వింటే నవ్వు. ఓల్డ్ టౌన్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు. వాళ్ళ నాన్న నజీర్‌కి పూర్ణా మార్కెట్లో మసాలా దినుసుల కొట్టుంది. కల్తీ పసుపును ఆయన వేలికి రాసుకుని పట్టేస్తాడు. కొడుకేమో ద్వారకా నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో కూర్చుని కల్తీ లారీలను పట్టే ఉద్యోగంలో చేరాడు.

సరుకున్నవాళ్ళకి లారీని, లారీ ఉన్నవాళ్ళకి సరుకును కుదిర్చిపెట్టే కంపెనీ అది. ఒకప్పుడు టీ కొట్టు దగ్గర బ్రోకర్లు నోటిమాట మీద చేసిన పనే. ఇప్పుడు దానికొక సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఏసీ గది వచ్చింది, మెళ్ళో ఐడీ కార్డు వచ్చింది. మోసాలు మాత్రం పాతవే.

మొన్నామధ్య ఇనుప కడ్డీల లోడు ఒకటి విశాఖలో బయల్దేరి ఎక్కడికీ చేరలేదు. బండి నంబరు నిజం, ఆర్సీ నిజం, లైసెన్సూ నిజమే. తోలుకుపోయిన మనిషొక్కడే అబద్ధం. పోలీసులు వెళ్ళి అసలు ఓనర్ని లేపితే, పాపం ఆయన బండి వాళ్ళ ఇంటి ముందే ఉంది. తన నంబరుతో ఇంకెవరో తిరిగినట్టు ఆయనకే తెలియదు. అయినా స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి మనిషి సగమయ్యాడు.

ఆ దెబ్బతో మేనేజరు శ్రీరామ్మూర్తి గారికి నిద్ర కరువైంది. "కాయితాలెవడైనా తెస్తాడయ్యా," అన్నాడు అందర్నీ కూర్చోబెట్టి. "బండి కాడ నిలబడ్డోడు ఆడేనా, ఇంకోడా? నాకది తేల్చండి."

కొత్త పద్ధతి పెట్టారు. లారీ వచ్చి లోడు కోసం వరసలో ఆగగానే, రిజిస్టరైన ఫోనుకి సాఫ్ట్‌వేరే కాల్ చేస్తుంది. డ్రైవరు ఫోనెత్తి పేరు చెప్పి, కెమెరాకి మొహం చూపించాలి. రికార్డులో ఉన్న మొహంతో కలిస్తే పచ్చ. రెండుసార్లు మోగినా ఎత్తకపోతే ఎరుపు. ఒకసారి ఎరుపు పడిందా — ఇక ఆ బండికి ఈ కంపెనీ ఒక్కటే కాదు, ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఏ బ్రోకరూ లోడివ్వడు.

మొదటివారం పెద్ద గోలయింది. స్టీల్ ప్లాంటు గేటు దగ్గర ఆగిన బళ్ళన్నీ పచ్చ. పాత కాటా దగ్గర ఆగినవన్నీ ఎరుపు. అక్కడేదో దొంగల ముఠా ఉందని ఫరాజ్ ఎగిరి గంతేశాడు. ముఠా మర్నాడే ఆఫీసుకొచ్చింది — సీతారామాంజనేయులు అనే పెద్దాయన రూపంలో, తుండుగుడ్డ భుజానేసుకుని.

"ఫోను రెండుసార్లు మోగింది కదండీ. ఎందుకెత్తలేదు?" అడిగాడు ఫరాజ్.

"పాత కాటా కాడ రెండుసార్లు పిలిస్తే పలకం బాబూ."

"ఫోనండీ అది. పిలుపు కాదు."

"పేరెట్టి పిలిసింది కదా మీ ఫోను," అన్నాడాయన.

అప్పుడు వెలిగింది ఫరాజ్‌కి. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన మహానుభావులకి డ్రైవర్లను గౌరవంగా పిలవాలని బుద్ధి పుట్టింది. మామూలు రింగుకి బదులు ఒక ఆడగొంతు పెట్టారు. 'సీతారామాంజనేయులు గారూ...' అని తీయగా ఒకసారి. కాసేపాగి మరోసారి. ఆ తర్వాత చప్పుడుండదు. నడిరాత్రి పాత కాటా పక్కన, చీకటి కేబిన్లో... వేరే దెయ్యం ఎందుకింక?

"రెండుసార్లు పిలిసి ఊరుకునీది ఏటో మాకు తెలుసు," అన్నాడు పెద్దాయన లేస్తూ. "మనిసైతే మూడోసారి పిలస్తాడు."

పక్క సీటులో కూర్చునే జ్యోతిర్మయి పొట్ట పట్టుకుని నవ్వింది. సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేసేది ఆ అమ్మాయే. పడిన ఎరుపులు చెరిపేసి, రెండుని మూడు చేసింది. ఆ రాత్రి నుంచి పాత కాటా దగ్గర ఒక్కో బండీ పచ్చబడింది — ప్రతి ఒక్కటీ సరిగ్గా మూడో పిలుపుకే.

ఒక్కటి తప్ప.

అర్జునరావు అనే ఆయన బండి. అది పాత కాటా దగ్గర ఆగిన ప్రతి రాత్రీ, పేరు మొదటిసారి పలకగానే ఫోనెత్తేస్తాడు. "అర్జునరావునండి. బండి కాటా కాడుంది." అంతే, అంతకు మించి ఒక్క మాట మాట్లాడడు. వెంటనే మొహం, వెంటనే పచ్చ. బుగ్గ మీద చిన్న గాటు, నవ్వబోయి ఆగినట్టుండే కళ్ళు. నైట్ డ్యూటీలో తూగుతున్న ఫరాజ్‌కి ఆ మొహం చూస్తే ప్రాణం లేచొచ్చేది. అందరూ ఇలా ఉంటే ఎంత బాగుండును అనుకునేవాడు.

ఒక సాయంత్రం జ్యోతిర్మయిని పిలిచి చూపించాడు కూడా. "చూడు, మీ మల్కాపురం వాళ్ళలో భయం లేని మగాడు ఒక్కడైనా ఉన్నాడు."

జ్యోతిర్మయి తెరలోకి వంగి చూసింది. నవ్వలేదు.

"ఈ ఫొటో ఎప్పటిది?"

"నిన్న రాత్రిది. ఏం?"

"మా పక్కసందే ఈయన..." గొంతు తగ్గించింది. "ఎండాకాలంలో పోయేడు ఫరాజ్. ఆ కాటా గోతి పక్కనే పడిపోయి ఉంటే పొద్దున్న చూసేరు. గుండె ఆగిపోయిందన్నారు. దినాలకి మా అమ్మతో నానూ ఎళ్ళేను."

ఫరాజ్‌కి ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. అన్నిటికంటే ముందు పచ్చబడే బండిని ఒక్కసారి అనుమానించి చూడలేదు తను. ఎవడో చచ్చిపోయినవాడి పేరు తగిలించుకుని, ఆయన ఫొటో ఏదో కెమెరా ముందు పెట్టి, నాలుగు లోడ్లు బుద్ధిగా దించి నమ్మకం సంపాదించి, పెద్ద లోడు కోసం కాచుక్కూర్చున్నాడన్నమాట. ఈ రాత్రి ఆ బండికి స్టీల్ కాయిల్స్ లోడు రాసి ఉంది.

"ఎరుపు పెట్టేస్తాను," అన్నాడు.

"ఆగు." జ్యోతిర్మయి అతని చెయ్యి పట్టుకుంది. "ఆళ్ళావిడ పైడితల్లి, ఇద్దరాడపిల్లలు. ఆ బండి మీదే బతుకుతన్నారు. బండి నిజంగా ఆళ్ళదే అయితే? ఎరుపడితే మళ్ళీ ఎవడిస్తాడు లోడు?"

అదీ నిజమే. కానీ దొంగవాడైతే, పచ్చ పెడితే? సరుకు పోతుంది. పోలీసులు బండి ఎవరి పేరు మీదుందో ఆ ఇంటికే పోతారు. మొన్నటి ఓనర్ తిరిగినట్టే పైడితల్లి స్టేషన్ చుట్టూ తిరగాలి, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని. ఎటు నొక్కినా ఆవిడ మీదే పడేట్టుంది.

ఇలాంటి తకరారు వస్తే మనిషే వెళ్ళి చూసుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. శ్రీరామ్మూర్తి గారికి ఫోన్ చేస్తే, "నీ కళ్ళతో సూసి రా. నువ్వేటి పెడితే అదే ఖాయం," అన్నాడు. ఆఫీసర్లు ధైర్యం చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇంట్లో సోఫాలోనే ఉంటారు.

ఫరాజ్ బైకు తీశాడు.

మల్కాపురం దాటేసరికి బాగా పొద్దుపోయింది. రిఫైనరీ గొట్టం మీద మంట ఎగసినప్పుడల్లా రోడ్డు ఎర్రగా కనబడుతోంది, అణిగినప్పుడల్లా మాయమవుతోంది. సముద్రం గాలి, ఆయిలు వాసన. రోడ్డు పక్కన లారీలు వరసగా ఆగి ఉన్నాయి. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి, అంత ఉక్కలో కూడా.

చివర, పాత కాటాకి ఆనుకుని... ఆ నంబరు బండి.

బైకు ఆపేసరికి ఒక్కసారిగా నిశ్శబ్దం. కాటా గదిలోకి చూడకూడదనుకున్నాడు, చూశాడు. లోపల చీకటి తప్ప ఏమీ లేదు. బిస్మిల్లా అనుకున్నాడు. దెయ్యాలంటే నవ్వే మనిషే, పెదవులు మాత్రం వాటంతటవే కదిలాయి.

"అర్జునరావు గారూ..."

పలుకు లేదు.

"అర్జునరావు గారూ!"

కేబిన్లో ఏదో కదిలింది. మళ్ళీ సద్దుమణిగింది. ఫరాజ్ వెనక్కి తిరిగి పోదామా అనుకున్నాడు. పైడితల్లి పేరు గుర్తొచ్చింది.

"అర్జునరావు... గారూ..."

"ఎవులండీ అది?"

తలుపు తెరుచుకుంది. దిగుతున్న మనిషిని రిఫైనరీ మంట వెలుగులో చూసి ఫరాజ్ రెండడుగులు వెనక్కి వేశాడు. అదే నుదురు. అవే కళ్ళు... నవ్వబోయి ఆగినట్టు.

బుగ్గ మీద గాటు లేదు.

"నాను సందీప్‌నండి," అన్నాడా మనిషి కంగారుగా. "అర్జునరావు తమ్ముణ్ణి."

ఫరాజ్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. రోడ్డు అంచున రాయి మీద కూలబడి నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియక సందీప్ కూడా కొంచెం నవ్వాడు. ఇంతోటి దానికా ఇంత హడావుడి? అన్నదమ్ములు. ఒకే పోలిక. రాత్రిపూట, ఫోన్ కెమెరాకి ఆ మాత్రం మొహం చాలదూ?

తను ఆఫీసు మనిషినని చెప్పగానే సందీప్ నవ్వు ఆరిపోయింది. దాచిపెట్టలేదు పాపం, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అన్న పోయేడని మీకు సెప్తే ఆ పేరు తీసెత్తారు కదండి. బండి వదిన పేరుకి మారీదాకా లోడు రాదు. అందాకా పిల్లలకేటి పెడతాది? అందుకే సెప్పలేదు. తప్పేనండి. సరుకు మాత్రం ఎక్కడా గింజంత తగ్గనీలేదు."

ఆ మాట నిజమని ఫరాజ్‌కి తెలుసు. ప్రతి లోడూ చెప్పిన చోటికి చేరింది. ఈ కుర్రాడి మీద ఎరుపు పెట్టడానికి అతనికి చేతులు రావు. ఏదో దారి చూద్దాం, రేపు శ్రీరామ్మూర్తి గారి కాళ్ళో వేళ్ళో పట్టుకుందాం అనుకున్నాడు. మనసు కుదుటపడ్డాక మాటవరసకి అడిగాడు.

"సరే గానీ, వీళ్ళందరికీ ఈ చోటంటే హడల్ కదా. నువ్వు మాత్రం మొదటి పిలుపుకే ఫోనెలా ఎత్తుతావయ్యా?"

సందీప్ అతని వైపు అదోలా చూశాడు.

"నానా? నానెత్తనండి."

"మరి?"

"ఇప్పుడు మీరు పిలిస్తేనే మూడోసారికి గాని పలకలేదు కదండి." కేబిన్ వైపు చూపించాడు. "ఆ ఫోను అన్నదండి. ముందు పెట్టీసి ఉంటాది. మొదట్లో, పిలుపు రాకముందే రెండు మూడుసార్లు నా మొకం సూపించి సూసేను, ఒప్పుకోలేదు. ఇంకేటవుతాదిలే అని ఒదిలీసేను. ఎనక సీట్లో ముసుగెట్టి మూడో పిలుపు కోసం కాసుక్కూకుంటే... ఒక పిలుపుకే ఆగిపోతాది. ఏదో గొణిగినట్టు ఇనబడతాది. సూస్తే పచ్చగా ఉంటాది. ఆఫీసులో ఎవులో బాబు జాలిపడి సేత్తన్నారనుకున్నాను. మీరు కాదేటి?"

ఫరాజ్ రాయి మీంచి లేచాడు.

"మీ అన్న... పలికేవాడా? మొదటిసారికే?"

"ఆడికీ పట్టింపుల్లేవండి. అందరం తిట్టీవోళ్ళం. 'పనికి పిలిసినోడు మూడుసార్లెందుకు పిలుస్తాడ్రా, పక్కోడికిచ్చీసి పోతాడు' అనీవోడు. రాత్రి ఎవులు పిలిసినా, జాకీ కావాలన్నా, తోడు రమ్మన్నా, ఒక్క పిలుపుకే దిగీవోడు." సందీప్ కాటా గోతి వైపు చూడకుండా అటు చెయ్యి చూపించాడు. "ఆ రాత్రీ అలాగే దిగినాడు. ఎవులు పిలిసేరో మాకు తెలీదు."

రిఫైనరీ మంట అణిగింది. చీకటి దగ్గరకొచ్చి కూర్చుంది.

ఫరాజ్ చేసిన పని ఇప్పటికీ ఎందుకు చేశాడో అతనే చెప్పలేడు. జేబులోంచి ఫోన్ తీశాడు. సాఫ్ట్‌వేర్‌లో తనిఖీ తెరిచి, అర్జునరావు పేరు మీద కాల్ నొక్కాడు.

సందీప్ ఇక్కడే ఉన్నాడు, తన పక్కనే, రెండు కాళ్ళూ నేల మీద. కేబిన్ తలుపు మూసి ఉంది. లోపల చిన్న వెలుతురు లేచింది.

"అర్జునరావు గారూ..." అంది ఆడగొంతు, తీయగా.

రెండోసారి పిలవలేదు.

"అర్జునరావునండి." మాట కేబిన్లోంచీ వచ్చింది, ఫరాజ్ చేతిలోంచీ వచ్చింది. "బండి కాటా కాడుంది."

ఫరాజ్ చూడలేక చూడలేక తెర వైపు చూశాడు. నుదురు, కళ్ళు, బుగ్గ మీద గాటు. అద్దంలోంచి కేబిన్ లోపలికి చూశాడు. సీటు మీద ఎవరూ లేరు. మళ్ళీ తెర చూశాడు. ఉన్నాడు. అదే సీటు, వెనక అదే రెక్సిన్ చినుగు. పచ్చ వెలిగింది.

భయంతో అతనికి ఏడుపొచ్చింది. పక్కన సందీప్ అప్పటికే ఏడుస్తున్నాడు. అది భయంతో కాదు.

"అన్నా..." అన్నాడు కేబిన్ మెట్టు మీద చెయ్యేసి. "పిల్లలిద్దరూ బాగున్నారన్నా."

సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఇవేం పట్టవు. తనిఖీకి వచ్చిన మనిషిని ఆఖరి ప్రశ్న అడిగింది. 'రిజిస్టరైన వ్యక్తి ఇప్పుడు బండి దగ్గర ఉన్నాడా?' కింద రెండే మాటలు. ఉన్నాడు. లేడు.

లేడు అంటే ఎరుపు. ఉన్నాడు అంటే...

"ఎరుపెట్టీకండి బాబూ," అన్నాడు సందీప్ మెల్లగా, వెనక్కి తిరక్కుండానే. "లోడు పోతాదనే వొత్తన్నాడండి. ఇంకెందుకూ కాదు."

నకిలీ మనుషుల్ని పట్టడానికే జీతం తీసుకునేవాడు ఫరాజ్. ఆ రాత్రి అక్కడ, ఆ చీకట్లో, తన పేరు తనదిగా, తన మొహం తనదిగా పెట్టుకుని వచ్చినవాణ్ణి ఏమని పంపెయ్యాలో అతనికి తోచలేదు. బొటనవేలు రెండుసార్లు తప్పింది.

ఉన్నాడు.

"సరేనండి," అంది లోపల గొంతు, మొదటిసారిగా ఇంకో మాట. "ఎల్తన్నాం మరి."

ఫోను వెలుతురు ఆరిపోయింది.

సందీప్ కళ్ళు తుడుచుకుని కేబిన్ ఎక్కడానికి జేబులోంచి తాళంచెవి తీశాడు. అది ఇంకా అతని వేళ్ళ మధ్యే ఉండగా, ఇంజను స్టార్టయింది.